పచ్చటి చేనుకు కరువు ఫోటో

జర్నలిజం చదివే పిల్లలు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేస్తుంటారు. ఏ కెమెరా కొనాలి మేడమ్, ఏ లెన్స్ అయితే బాగుంటుంది అని అడుగుతారు. ముందు మంచి చెప్పులు కొనుక్కోండి అంటాను. తమాషాకి అన్నాననుకుని నవ్వుతారు. నాతోపాటు చేరినవాళ్లందరికంటే ముందే పత్రిక ఉద్యోగం మానేసి, ఇప్పుడు మా ఊళ్లో స్టూడియో పెట్టుకుని బడిపిల్లలకు పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీస్తున్నదాన్ని. నా సలహాకు ఎంత విలువ ఇవ్వాలో మీరే తేల్చుకోండి.

ఈ వృత్తిలో మీరెలా పైకొచ్చారు అని అడిగేవాళ్లూ ఉంటారు. ఒక వీడియో వల్ల వచ్చాను. నిమిషం కూడా ఉండదు. అందులో పెద్దగా ఏమీ జరగదు. ఆ సంగతి చెబుతాను, ఓపికుంటే చదవండి.

మాది కర్నూలు జిల్లా పడమటి వైపున్న మగ్గాల ఊరు. ఇంట్లో అందరూ నేతపని వాళ్లే. కర్నూలులో పత్రిక ఉద్యోగం వచ్చిందని చెబితే మా నాన్న మగ్గం గుంటలోంచి లేవకుండానే అడిగాడు.

"ఏం ఉద్యోగం మా?"

"మల్టీమీడియా రిపోర్టరు."

"అంటే ఏం చేస్తారు?"

నాకూ తెలియదు. చేరాక తెలిసిందేమిటంటే ఆఫీసులో కూడా ఎవరికీ తెలియదు. ప్రతి జిల్లాకూ ఒకరిని తీసుకోమని హైదరాబాదులోని వెబ్ డెస్క్ వాళ్లు అన్నారట, తీసుకున్నారు. జిల్లా వార్తలన్నీ చూసే ఇన్‌చార్జిని మేమంతా బ్యూరో సార్ అనేవాళ్లం. ఆయన నా ఆర్డరు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఫోటో తియ్యి, వీడియో తియ్యి, వార్త రాయి. ముగ్గురి పని. కుర్చీ మాత్రం ఒకటే" అన్నారు. ఆ ఒక్క కుర్చీ కూడా కొన్నాళ్లకు గానీ రాలేదు.

పని నేర్పింది మా సీనియర్ ఫోటోగ్రాఫర్. కడప వైపు మనిషి, పెళ్లిళ్ల స్టూడియో నుంచి పత్రికకు వచ్చినవాడు. స్టూడియో అలవాట్లు ఆయన్ని వదల్లేదు. ధర్నాకు పోయినా, బస్సు బోల్తా పడిన చోటికి పోయినా "కొంచెం గడ్డం పైకెత్తప్పా" అనేవాడు. జనం ఎత్తేవాళ్లు కూడా. బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీకి పంపినప్పుడు నా లెన్సు నిండా తెల్లటి పొడి చేరి తిప్పుతుంటే కరకరమంది. నేను ఏడుపు మొహంతో తిరిగొస్తే ఆయనే కూర్చుని చిన్న బ్రష్షుతో ఓపిగ్గా దులిపిపెట్టాడు. అలాంటి మనిషి. ఆయన మీద నాకు ఈనాటికీ కోపం లేదు.

ఆయన పేరు నిలబెట్టిన ఫోటో ఒకటుండేది. నెర్రెలు బారిన చెరువు, మధ్యలో గొంతుక్కూర్చుని నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్న ముసలాయన. ఎప్పుడు కరువొచ్చినా మా పత్రికలో ఆ ఫోటో వచ్చేది. ఆ చెరువు కడప దగ్గరిది. ఆ ముసలాయన రైతు కాదు. మా సీనియర్‌కు స్వయానా మేనమామ, బస్సు కండక్టరుగా రిటైరయినాయన. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, పాఠకులకు తప్ప.

ఇక ఆ ఏడు సంగతి. వానలు మొదట్లో బాగానే పడ్డాయి. రైతులు వేరుశనగ విత్తారు. పూత వచ్చింది. పూత తర్వాత మొక్క నుంచి ఊడలు భూమిలోకి దిగాలి, అవి దిగితేనే కాయ. సరిగ్గా ఆ రోజుల్లో వాన మొహం చాటేసింది. అంతా అయిపోయి, ఇక పడినా పడకపోయినా ఒకటే అనుకునే సమయానికి కుండపోతగా కురిసింది. చేలు పచ్చబడ్డాయి, చెరువుల్లో నీళ్లు చేరాయి. బస్సు కిటికీలోంచి చూసేవాళ్లకు జిల్లా అంతా కళకళలాడుతున్నట్టే ఉండేది. మట్టి కింద మాత్రం కాయ లేదు.

ఢిల్లీ నుంచి కరువు చూడ్డానికి బృందం వస్తోందని కబురొచ్చింది. బ్యూరో సార్ నన్ను పిలిచారు. ఆలూరు దాటి లోపలికి పోతే వచ్చే ఒక మండలం పేరు చెప్పి, "వాళ్లు కరువు జాబితాలో లేరు. చేర్చమని అడుగుతున్నారు. బృందం వచ్చేలోగా మంచి కరువు ఫోటో కావాలి. ఫస్ట్ పేజీ" అన్నారు. ఫస్ట్ పేజీ అనేసరికి నాకు కాళ్లు నేల మీద ఆగలేదు.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఆలూరులో దిగి, అక్కడి నుంచి ఆటోలో పోయాను. నెర్రెల కోసం నేరుగా చెరువు దగ్గరికి వెళ్తే బర్రెలు ఈత కొడుతున్నాయి. వాటినే కాసేపు చూసి, చేల వైపు నడిచాను. ఒక చేలో ఒకామె, ఆమెకు కాస్త దూరంలో ఒక ఆడపిల్ల వేరుశనగ చెట్లు పెరుకుతున్నారు.

"ఏం మా, సర్వేకి వచ్చినావా?" అంది ఆమె.

"లేదక్కా, పేపరోళ్లం. కరువు ఫోటో తీసుకొని రమ్మన్నారు."

ఆమె చుట్టూ చూసింది. నేనూ చూశాను. కనుచూపు మేర పచ్చదనమే.

"ఈడనా?" అంది.

నా మొహం చూసి జాలిపడిందేమో, ఒక చెట్టు పెరికి మట్టి దులిపి చేతికిచ్చింది. ఆకు నవనవలాడుతోంది. కింద వేళ్లు, ఒకటో రెండో తాలు కాయలు. "బుడ్డ లేదు మా. పశువులకు మేతకన్నా వస్తాదని పెరుకుతాండాం" అంది. ఆ ప్రాంతంలో వేరుశనగ కాయల్ని బుడ్డలంటారు. చేను కౌలుది. భర్త బెంగళూరులో కట్టడాల పనికి పోయాడు. ఆ అమ్మాయి కూతురు, పదో తరగతి.

అమ్మాయే నన్ను అడిగింది. "అక్కా, కరువు మండలమని రాస్తే ఉపాధి పని శానా దినాలు ఇస్తారంట గదా? మా సారు చెప్పినాడు."

"ఇస్తారు."

"అట్లయితే మేం ఈడనే ఉంటాం" అంది తల్లి. "లేకుంటే మేస్త్రీ లారీ వస్తానే సుగ్గికి పోవాల."

సుగ్గికి పోవడమంటే పంట చేతికి రానప్పుడు ఇంటికి తాళం వేసి, కూలీలను కుదిర్చే మేస్త్రీ లారీలో గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలస పోవడం. ఊళ్లకు ఊళ్లే పోతాయి. మిరప కోతలు ముగిసేది వేసవి మొదట్లో. పదో తరగతి పరీక్షలు మార్చిలో.

"పాపను ఎవరింట్లోనైనా పెట్టి పోరాదా అక్కా?"

"ఎవురింట్లో? వీధంతా పోతాది. ఆడపిల్లను తాళాల మద్దెన ఒంటిగా ఇడిసి పోమంటావా?"

అమ్మాయి మా మాటలు వినిపించుకోనట్టే చెట్లు పెరుకుతోంది. మామూలుగా నాకు ఎవరి కష్టమైనా ఫ్రేములోనే కనిపించేది. అది ఈ వృత్తి జబ్బు, మీకూ వస్తుంది. ఆ రోజు మాత్రం ఈ పిల్ల చదువు ఆగకూడదని గట్టిగా అనిపించింది. నేను డిగ్రీ దాకా ఎలా వచ్చానో నాకు తెలుసు.

ఫోటోలు బోలెడు తీశాను. చూసుకుంటే అన్నీ ఎరువుల దుకాణం క్యాలెండర్‌లా ఉన్నాయి. చివరికి వెబ్ డెస్క్‌కు రోజుకో వీడియో పంపాలన్న నియమం గుర్తొచ్చి, ఫోన్ గట్టు మీద రాయికి ఆనించి నొక్కి వదిలేశాను. ఆమె ఒక చెట్టు పెరికింది, తిప్పి కింద చూసింది, పక్కన పడేసింది. ఇంకోటి పెరికింది, కింద చూసింది, పడేసింది. ఇంకోటి. కాయ లేదని తెలిసి కూడా ప్రతి చెట్టూ తిప్పి చూస్తూనే ఉంది. మాట్లాడించాలన్న సంగతి నేను మరిచిపోయాను.

ఆఫీసులో బ్యూరో సార్ ఫోటోలు చూసి కళ్లద్దాలు తీశారు.

"ఇది కరువా?"

"కింద కాయ లేదు సార్."

"పాఠకుడికి కింద కనపడదు కదమ్మా."

వెబ్ డెస్క్ వాళ్లు వీడియో చూసి, "ఇందులో ఏమీ జరగట్లేదు, మనిషి చేత ఏడుస్తూ రెండు మాటలు చెప్పించి పంపండి" అన్నారు. వీడియో నా ఫోన్లోనే ఉండిపోయింది.

మా సీనియర్ నన్ను టీకి తీసుకెళ్లి ఓదార్చాడు. "పాపా, కరువంటే నెర్రెలు ఉండాల. నెర్రెలు ల్యాకపోతే ఎవురూ నమ్మరు. మన కాడ పాతది ఉండాది గదా, తీసి పెట్టెయ్."

నేను పెట్టలేదు. దాన్ని నా నిజాయితీగా రాసుకోకండి. పాత ఫోటోలుండే కంప్యూటర్ పాస్‌వర్డ్ నాకు ఇంకా ఇవ్వలేదు.

బృందాలు వచ్చినప్పుడు మా దగ్గరొక ఆచారం ఉంది. చేను పక్కనే షామియానా వేస్తారు. ఆ చేల ఫోటోల్నే పెద్దవి చేయించి షామియానా కింద వరుసగా నిలబెడతారు. వచ్చిన పెద్దలు నీడలో నడుస్తూ ఫోటోలు చూసి, మజ్జిగ తాగి, పక్క ఊరికి పోతారు. ఫోటోల కోసం ఏర్పాట్లు చూసేవాళ్లు పత్రికల వాళ్లనే అడుగుతారు. ఈసారి అడిగింది మా సీనియర్‌ను. ఆయన ఉదారంగా తన మేనమామను ఇచ్చాడు.

బృందం వచ్చిన రోజు షామియానా వేసింది సరిగ్గా ఆమె చేను గట్టు మీదే. దారి పక్కన ఉండడమే ఆ చేను చేసుకున్న పుణ్యం. ఊరి జనాన్ని తాడు కట్టి అవతల నిలబెట్టారు. తల్లీ కూతుళ్లు తాడు పట్టుకుని ముందు వరుసలో ఉన్నారు. ఆ అమ్మాయి బడి మానేసి వచ్చింది. మొదటి ఫోటోగా నెర్రెల చెరువు, దాని కింద ఈ మండలం పేరు. మా సీనియర్ తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని దాని పక్కన నిలబడ్డాడు.

బృందానికి పెద్ద ఒక సన్నటి మనిషి. మెల్లగా నడిచొచ్చి ఆ ఫోటో ముందు ఆగాడు. చాలాసేపు చూశాడు. మా సీనియర్ నా వైపు చూసి కళ్లెగరేశాడు.

"ఈ చెరువు ఎక్కడ?" అని హిందీలో అడిగాడు పెద్దాయన.

"ఇక్కడికి దగ్గరే సార్" అన్నారు ఎవరో.

"నిన్న ఈ ఫోటోనే మాకు కడప దగ్గర చూపించారు."

ఆయన ఇంకొంచెం దగ్గరికి వంగి చూసి, "ఈ ముసలాయన కూడా నిన్న అక్కడే ఉన్నారు" అన్నాడు.

గొంతులో కోపం లేదు. అదే ఇంకా ఇబ్బందిగా ఉంది. మిగతా ఫోటోల వంక ఆయన చూడలేదు. షామియానా దాటి చేను వైపు ఒకసారి చూశాడు. ఇంకా సగం పైగా పెరకని పచ్చటి చేను ఎండలో మెరుస్తోంది. "పంట బాగానే ఉన్నట్టుంది" అని పక్కవాళ్లతో అని కారు వైపు తిరిగాడు.

తాడు అవతల నుంచి ఆమె నన్ను పిలిచింది. "ఏమన్నాడు మా ఆయప్ప?"

"పంట బాగుండాదంటాండాడక్కా."

ఆమె కూతురి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చూశాక నాకు భయం వేసింది. ఆ ఫోటో మా పత్రికది. మా సీనియర్ ఘనకార్యానికి ఈ పిల్ల గుంటూరు పోవాలా అనిపించింది. ఫోన్ తీసి, అడ్డొచ్చిన ఇద్దరు ముగ్గురిని తప్పించుకుని, పెద్దాయన కారు తలుపు దగ్గరికి పరిగెత్తాను. నా హిందీ మా వీధిలో సాయిబుల ఇళ్లలో నేర్చుకున్నది. ఢిల్లీ మనిషికి ఎంతవరకు అర్థమయ్యిందో చెప్పలేను. ఒక్క నిమిషం చూడండి సార్ అన్నానని నా ఉద్దేశం.

ఆయన ఫోన్ అందుకున్నాడు. ఎండకు తెర కనపడకపోతే ఒక అధికారి ఫైలు అడ్డం పెట్టాడు. బృందమంతా తలలు కలిపి వంగింది. నిజానికి చేను చేతికందే దూరంలో ఉంది. గట్టు దిగితే బురద, ఎవరి బూట్లు వాళ్లకు ముఖ్యం. అందుకని అంతమంది పెద్దలూ చేను పక్కన నిలబడి, చేనును ఫోన్లో చూశారు.

పెద్దాయన రెండోసారి కూడా చూశాడు. "ఇది ఎక్కడ?" అన్నాడు. అప్పటికి జరిగినదాన్ని బట్టి న్యాయమైన ప్రశ్నే.

నేను చేనును చూపించి, తాడు అవతల ఆమెను చూపించాను. ఆమె అదృష్టం, నా అదృష్టం, ఆమె ఆ రోజు కట్టుకున్నది వీడియోలోని చీరే. ఆయన ఫోన్ వంక, ఆమె వంక మార్చి మార్చి చూశాడు. ఎందుకు చూస్తున్నాడో తెలియక ఆమె దండం పెట్టింది. ఈలోగా కూతురు తాడు కింద నుంచి దూరి చేలో దిగి, చేతికందిన చెట్లు పెరుక్కుని బురద కాళ్లతో వచ్చేసింది. ఆయన ఒక చెట్టు తీసుకుని తిప్పి చూశాడు. చొక్కా మీద మట్టి పడింది. దులుపుకోలేదు. జేబులోంచి కాగితం తీసి ఏదో రాసుకుని, ఆ చెట్టుతోనే కారెక్కాడు.

తిరుగు ప్రయాణంలో ఆలూరు దాటాక మా సీనియర్ నోరు తెరిచాడు.

"ఆ మనిషికి శానా గ్యాపకశక్తి పాపా. మా మామను ఎట్ల గుర్తుపట్టినాడో సూడు."

ఆ మర్నాడు వెబ్ డెస్క్ వాళ్లకు నా వీడియోలో ఏదో జరుగుతున్నట్టు కనిపించింది. విషాద సంగీతం కలిపి పెట్టారు. చాలామంది చూశారు. నన్ను పర్మినెంటు చేశారు. ఆఫీసుకు ఎవరొచ్చినా బ్యూరో సార్ "పచ్చ కరువు తీసింది ఈ అమ్మాయే" అని పరిచయం చేసేవారు. పాస్‌వర్డ్ కూడా ఇచ్చారు. నేనప్పుడు గర్వపడ్డాను, అబద్ధమెందుకు. మా నాన్న ఆ వీడియో ఫోన్లో చూసి, "నువ్వు కనపడవేం మా ఇందులో?" అన్నాడు.

కరువు జాబితా మాత్రం తన తీరికలో తను వచ్చింది. ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి నడిచి నడిచి, చలి తగ్గుతున్న రోజుల్లో మా బ్యూరోకు చేరింది. ఆ మండలం పేరు అందులో ఉంది.

"వెళ్లి హర్షం ఫోటో పట్రా" అన్నారు బ్యూరో సార్. హర్షం ఫోటో అంటే రైతులు నవ్వుతూ చేతులెత్తి నిలబడేది.

స్వీటు పొట్లం కట్టించుకుని పోయాను. వీధి మొదట్లో ఇంటికి తాళం. పక్కింటికి తాళం. ఆ తల్లీ కూతుళ్ల ఇంటికీ తాళమే. మేస్త్రీ లారీ వచ్చి చాలా రోజులైందని అరుగు మీద కూర్చున్న ముసలామె చెప్పింది. ముసలామె దగ్గర నంబరు తీసుకుని, ఆ అరుగు మీదే కూర్చుని ఆ తల్లికి ఫోన్ చేశాను.

"అక్కా, మీ మండలం పేరు వచ్చింది!"

"నిజమేనా మా? వచ్చిందా?" అని ఆమె పక్కవాళ్లకు కేకేసి చెప్పింది. అవతల ఆడవాళ్ల అరుపులు, నవ్వులు వినిపించాయి. బ్యూరో సార్ అడిగిన హర్షం అంతా గుంటూరు అవతల ఏదో మిరప చేలో ఉంది.

"మరి వచ్చేస్తారా అక్కా?"

"ఇప్పుడు యాడొచ్చేది? పనిలో దిగినాక మద్దెలో పంపరు. కోత అయిపోవాల."

"పాప?"

"ఈడనే ఉండాది. నాకంటే జోరుగా కోస్తాంది" అంది. ఆ గొంతులో మురిపెం విని నాకు ఏడుపొచ్చింది.

అమ్మాయి ఫోన్ తీసుకుంది. "అక్కా, మా ఊర్లోనే ఉండావా? బడికాడికి పోయి మా సారుకు చెప్పు, నా పేరు తీసెయ్యొద్దని. పరీచ్చలకు వస్తా."

బడికి వెళ్లి చెప్పాను. ఆ సారు మంచివాడు, నన్ను కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. "పేరు ఉంటాదిలేమ్మా, పేరుకేముంది. మనిషి రావాల గదా" అన్నాడు.

స్వీట్లు ముసలామెకిచ్చి, తాళాల ఫోటోలు తీసుకుని వచ్చాను. అవి వెయ్యలేదు. నవ్వుతున్న రైతుల ఫోటో ఒకటి వేశారు. ఏ ఊరిదో నేను అడగలేదు.

పదో తరగతి పరీక్షలు మొదలైన రోజు రాష్ట్రంలో ఫోటోగ్రాఫర్లందరూ తీసే ఫోటో ఒకటుంది. బోర్డు మీద హాల్ టికెట్ నంబరు వెతుక్కునే పిల్లలు. కర్నూలులోనే తీసుకోవచ్చు, ఆఫీసు వెనకే ఒక సెంటరుంది. నేను అడిగి మరీ ఆ మండలం సెంటరుకు పోయాను. వచ్చిన ప్రతి ఆటోలోకీ తొంగి చూశాను. ఊరి వైపు నుంచి వచ్చే బస్సు వచ్చింది, పిల్లలు దిగారు. ఆ సారు కూడా గేటు దగ్గరే నిలబడి దారి వైపు చూస్తున్నాడు. మేమిద్దరం ఒకరినొకరు చూసుకుని, మళ్లీ దారి వైపు తిరిగాం. గంట కొట్టారు. పోలీసాయన గేటు వేశాడు. ఇంకాస్త ఆగి, నేను బోర్డు ఫోటో పంపేశాను.

మర్నాడు మా పత్రికలో ఆ ఫోటో పెద్దగా వచ్చింది. పరీక్షలు తొలిరోజు ప్రశాంతం అని హెడ్డింగు. ఏటా రాసినట్టే చివరి వాక్యంలో, జిల్లాలో ఎంతమంది పరీక్షకు రాలేదో ఒక అంకె వేశారు. ఆ అంకెలో ఒకరి పేరు నాకు తెలుసు.